ఆ గదిలో ఏమడుగుతారు?

‘కౌన్సెలింగు’ అన్న మాట మా మదనపల్లె ప్రాంతంలో ముఖ్యంగా రెండు సందర్భాలలో వినబడుతుంది. ఇంటరు ముగించిన పిల్లలకు ఇంజనీరింగు సీట్లు పంచే ప్రక్రియ ఒకటి. ఆ ప్రవేశపరీక్ష పేరు 2021లో ఈఏపీసెట్‌గా మారినా జనం నోట అది ఇంకా ఎంసెట్ కౌన్సెలింగే. రెండవది పోలీసు స్టేషను. తాగి బండి నడిపిన కుర్రవాళ్ళకు, రౌడీషీటర్లకు, కొట్లాడుకున్న ఆలుమగలకు ‘కౌన్సెలింగు ఇచ్చి పంపినారు’ అని పత్రికల జిల్లా పుటలలో తరచు చదువుతుంటాము. ఒకచోట సీటు ఇస్తారు, మరొకచోట చీవాట్లు పెడతారు. ఇక దాంపత్యంలో ఇబ్బంది పడుతున్నవారితో ‘ఒకసారి కౌన్సెలింగుకు వెళ్ళి రండి’ అంటే వారి ముఖం ఎందుకు మాడిపోతుందో వేరే చెప్పనక్కరలేదు. ‘మేమేం తప్పు చేసినాము సార్?’ అంటారు.

ఆ మాటకు మూడవ అర్థం ఒకటి ఉన్నది. లైంగిక సమస్యలకు, దాంపత్యపు చిక్కులకు, స్త్రీ పురుషులన్న రెండు గళ్ళలో ఇమడని వారి బాధలకు కూడ చోటిచ్చే చికిత్స అది. దానిని గురించి నాకు తెలిసినంత వ్రాయదలచినాను. తెలుగు పండితునికి ఈ విషయంతో ఏమి పని అని చదువరులకు అనిపించవచ్చు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడు ఊళ్ళలోనూ పాఠం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. పూర్వవిద్యార్థులు శుభలేఖ వ్రాయించుకోవడానికి ఇప్పటికీ నా దగ్గరకే వస్తారు. శుభలేఖ కోసం వచ్చినవారు మరొక మాట కూడ చెప్పి వెళ్ళడం కద్దు. అటువంటి రెండు మాటలు ఇక్కడ ప్రస్తావిస్తాను. ఊరి పేర్లు తప్ప తక్కిన ఆనవాళ్ళన్నీ మార్చినాను.

పుంగనూరు అమ్మాయి సంగతి మొదట. పెళ్ళై మూడేళ్ళు. అత్తగారు మొక్కని దేవుడు లేడు, చేయించని పరీక్ష లేదు. రక్తపరీక్షలు, స్కానింగులు, అతని వీర్యపరీక్ష, అన్నీ సవ్యంగానే ఉన్నాయి. సంక్రాంతి ముందు మా ఇంటికి వచ్చి, మా ఇంటావిడతో కూర్చుని పితికిపప్పు కోసం అనపగింజలు పితుకుతూ, తల వంచుకునే చెప్పిందట: ‘మా మధ్య ఇంతవరకు ఏమీ జరగలేదమ్మా. దగ్గరికి వస్తేనే ఒళ్ళు బిగుసుకుపోతుంది. ప్రాణం పోయేటంత నొప్పి.’ మూడేళ్ళలో అన్ని కాగితాలు చూసిన వైద్యులెవ్వరూ ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. అడగనిదే చెప్పే విషయం కాదు గదా అది.

ఈ స్థితి వైద్యులకు చిరపరిచితం. భయంతోనో, మునుపటి నొప్పి జ్ఞాపకంతోనో యోనిద్వారం చుట్టూ ఉండే కండరాలు తమంతట తాము బిగుసుకుంటాయి. అది ఆమె ఇష్టంతో చేసేది కాదు, మొండితనం అసలే కాదు. కన్నులో ధూళి పడబోతుంటే రెప్ప పడ్డట్టు జరిగిపోతుంది. ఇన్ఫెక్షను వంటి శారీరక కారణం లేదని ముందుగా స్త్రీవైద్య నిపుణురాలు పరీక్షించి నిర్ధారిస్తుంది. ఆ పరీక్ష కూడ ఆమె ‘ఇక చాలు’ అన్నచోట ఆగిపోవాలి. తరువాత వివరణ, ఊపిరి మీద ధ్యాస, కండరాలను బిగించి వదలడం నేర్చుకోవడం, తన దేహాన్ని తానే మెల్లమెల్లగా పరిచయం చేసుకోవడం. దీనితో చాలమందికి గుణం కనబడుతుంది.

ఆ దంపతులు బెంగుళూరులో ఒక నిపుణురాలి దగ్గరకు వెళ్ళినారు. వెళ్ళే ముందు ఆ అబ్బాయి నన్ను ప్రక్కకు పిలిచి అడిగిన ప్రశ్న ఇది: ‘సార్, ఆ గదిలో ఏమడుగుతారు? మమ్మల్ని ఏమైనా చేసి చూపించమంటారా?’ నవ్వవలసిన ప్రశ్న కాదు. చదువుకున్నవారికి సైతం ఆ భయమే. అందుకని స్పష్టంగా చెబుతున్నాను. ఈ చికిత్సలో అక్కడ బట్టలు విప్పించడం ఉండదు, చికిత్సకుడు తాకడం ఉండదు, తమ ఎదుట ఏమీ చేయమనడం ఉండదు. వైద్యపరీక్ష అవసరమైతే అది వేరే వైద్యుని దగ్గర, వేరే గదిలో, కారణం చెప్పి, అనుమతి అడిగి జరుగుతుంది. కౌన్సెలింగు గదిలో జరిగేది సంభాషణ మాత్రమే. ఎవరైనా ఇంతకు మించి అడిగితే లేచి వచ్చేయడమే.

సాధారణంగా మొదటిసారి ముప్పావు గంట, గంట పడుతుంది. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి, ఏ ఇబ్బంది, ఎన్నాళ్ళ నుంచి, ఇద్దరిలో ఎవరికి బాధ అనిపిస్తున్నది అని అడుగుతారు. ఆ పైన ఒక్కొక్కరినీ వేరుగా పిలుస్తారు. చక్కెర వ్యాధి, రక్తపోటు, థైరాయిడు, వాడుతున్న మాత్రలు, మద్యం, నిద్ర, ప్రసవాలు, శస్త్రచికిత్సలు, అన్నీ ఆరా తీస్తారు. మగవారిలో అంగస్తంభన లోపం ఒక్కొక్కప్పుడు గుండె జబ్బుకు ముందు వచ్చే సూచన. దాన్ని సిగ్గుతో దాచుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. అరవై దాటినవారు ఈ ప్రశ్నలకు అతీతులని మనలో ఒక భ్రమ ఉన్నది. నా ఈడువారు నలుగురు చేరినప్పుడు మోకాళ్ళ నొప్పుల గురించి గంట మాట్లాడుతారు గాని, మధుమేహం తమ పడకగదిలో చేసిన పని గురించి ఒక్కరూ నోరెత్తరు.

ఇక ఇంటికి ఇచ్చే ‘హోంవర్కు’. బడిపంతులును గనుక ఈ భాగం నాకు బాగా నచ్చింది. అమెరికాలో మాస్టర్స్, జాన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1970లో ప్రకటించిన గ్రంథంతో ఈ పద్ధతి ప్రసిద్ధికెక్కింది. రోగి భార్య కాదు, భర్త కాదు, వారిద్దరి మధ్యనున్న సంబంధమే చికిత్స పొందవలసినది అని వారు పట్టుబట్టినారు. మొదటి నియమం వింటే ఆశ్చర్యంగా ఉంటుంది: కొన్నాళ్ళు కలయిక నిషేధం. చేయి పట్టుకోవడం, తల నిమరడం, వీపు నిమరడం వంటి స్పర్శలే; ఏది హాయి, ఏది కాదు అని మాటలతో చెప్పుకోవడమే. పరీక్ష రద్దైతే పిల్లవాడికి చదువు మీద ఇష్టం కలిగినట్టు, ‘ఈ రాత్రి ఏమవుతుందో’ అన్న భయం తొలగినాక దేహం తనంతట తాను సడలుతుంది. ఆ తరువాత మెట్టు మెట్టుగా ముందుకు.

ఈ సంగతి తెలిసినప్పుడు నాకు వాత్స్యాయనుని కామసూత్రాలలో మూడవ అధికరణంలోని కన్యావిస్రంభణం గుర్తుకు వచ్చింది. ‘విస్రంభం’ అనగా నమ్మకం. పెళ్ళైన తరువాత మూడు రాత్రులు బ్రహ్మచర్యం పాటించాలని, ఆ మీదట కూడ వధువుకు నమ్మకం కలిగిస్తూ కొంచెం కొంచెంగా దగ్గర కావాలని, తొందరపడి బలాత్కరిస్తే ఆమె కలయికనే ద్వేషించేదవుతుందని అక్కడ చెప్పబడి ఉన్నది. ఆ గ్రంథంలో ఈనాడు ఒప్పుకోరానివి చాల ఉన్నాయి. దానిని నెత్తిన పెట్టుకోమనడం నా ఉద్దేశం కాదు. కాని మన ఇళ్ళలో శోభనం గది తలుపు బయట చెవి ఒగ్గి నిలబడే బంధుజనానికి, ఆ ఒక్క ప్రకరణం తాత్పర్యమైనా చదివి వినిపించాలని నా కోరిక.

పుంగనూరు దంపతులకు ఏడెనిమిది నెలలు పట్టింది. ఫలితమేమిటని నేను అడగలేదు, అడగడం నా పని కాదు. పరీక్షల యాత్రలు మాత్రం ఆగిపోయినాయి. ‘మాకు కొంచెం వ్యవధి ఇవ్వమ్మా’ అని ఆ అబ్బాయే తల్లికి చెప్పినాడట. మూడేళ్ళలో అతను తల్లితో అన్న మొదటి గట్టి మాట అదేనని ఆ అమ్మాయి మా ఇంటావిడతో చెప్పి మురిసిపోయింది.

వారు నేరుగా బెంగుళూరుకు చేరలేదు. మధ్యలో అతనొక్కడే, ఎవరికీ చెప్పకుండా, ఒక లాడ్జి మెట్లెక్కినాడు. మన బస్టాండు గోడల మీద, మరుగుదొడ్ల తలుపుల మీద అంటించిన కాగితాలు చూడనివారెవరు? ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో సెక్సు స్పెషలిస్టు దొరుకుతాడు, నరాల బలహీనతకు, ధాతునష్టానికి గ్యారంటీ చికిత్స. లైంగిక శక్తి పెంచుతామని మందులకు ప్రకటన ఇవ్వడం 1954 నాటి మందులు, మాయ చికిత్సల చట్టం ప్రకారం నేరం. చట్టానికి డెబ్బయ్యేళ్ళు దాటినాయి. కాగితాలకు జిగురు ఇంకా ఆరలేదు. వీర్యం పోతే రక్తం పోయినట్లేనన్న భయంతో కుంగిపోయే స్థితికి ఆచార్య ఎన్.ఎన్. విగ్ 1960లోనే ‘ధాత్ సిండ్రోమ్’ అని పేరు పెట్టినారు. ఆ భయమే లాడ్జి వైద్యుడి పెట్టుబడి. అయితే తెలుగు పాఠకులకు మంచి మాట చెప్పినవారు లేకపోలేదు. విజయవాడ డాక్టరు సమరం గారు స్వాతి వారపత్రికలో దశాబ్దాల పాటు ఇటువంటి సందేహాలకు సూటిగా జవాబులిచ్చినారు. మా స్టాఫు రూములో ఆ పత్రిక వచ్చిన రోజున కథల పుట తెరిచి పట్టుకుని అందరూ చదివేది ఏ పుటో నాకు తెలియనిది కాదు.

రెండవ సంగతి కుప్పానిది. పట్టుగూళ్ళ వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి కొడుకు పెళ్ళికి శుభలేఖ వ్రాసిపెట్టమని ఫోను చేసినాడు. ఆ రాత్రే కొడుకు ఫోను చేసినాడు. ‘సార్, ఆ పత్రిక అప్పుడే రాయొద్దండి. నేను అలాంటివాణ్ణి సార్.’ ఆ ‘అలాంటి’ అన్న మాటలో ఎంత ఇమిడి ఉన్నదో! నా దగ్గర సంధులు, సమాసాలు, అలంకారాలు తడుముకోకుండా చెప్పిన పిల్లవాడు, తన్ను గురించి చెప్పుకోవడానికి తిట్టు కాని ఒక్క మాట దొరకక సర్వనామంతో సరిపెట్టుకున్నాడు. ఆడపిల్లల మీద తనకు ఎన్నడూ మనసు పోలేదనీ, ముక్కూ మొహం తెలియని పిల్ల గొంతు కోయలేననీ, తల్లిదండ్రులకు చెబితే బ్రతకనివ్వరనీ, చెప్పకపోతే తానే బ్రతకలేననీ అన్నాడు. ఆ చివరి మాటకు నేను ఆలస్యం చేయలేదు. మరునాడే కుప్పంలో రైలెక్కినాము. అతను లోపలికి వెళ్ళినాడు, నేను వెలుపల బెంచీ మీద కూర్చున్నాను.

‘ఇన్‌క్లూజివ్’ అని ఈనాడు చెప్పుకునే లక్షణం ఏమిటో ఆ రోజు అతను బయటికి వచ్చి చెప్పిన ఒక చిన్న విషయంతో నాకు బోధపడింది. ఆ నిపుణురాలు ‘గర్ల్‌ఫ్రెండు ఉందా?’ అని అడగలేదు, ‘మీకు తోడు ఎవరైనా ఉన్నారా?’ అని అడిగిందట. ఎంత మంచి తెలుగు! తోడు అన్న మాటకు లింగం లేదు. మన వ్యాకరణంలో 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణం నుంచి మహత్తు, అమహత్తు అన్న విభజన ఉండనే ఉన్నది. ఏకవచనంలో స్త్రీకి, పశువుకు, రాయికి ఒకే క్రియ వాడి, పురుషునికి మాత్రం వేరే పీట వేసిన భాష మనది. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బండి వచ్చింది. కాని గౌరవ బహువచనానికి పోయేసరికి ఆ గోడ కూలిపోతుంది. ‘వారు వచ్చినారు’ అంటే వచ్చినది ఎవరో తెలియదు, మర్యాద మాత్రం తెలుస్తుంది. ఎదుటివారెవరో వారే చెప్పేవరకు మనం తేల్చివేయకుండా ఉండడానికి, మన భాషలో ఏర్పాటు లేదనడం సరికాదు.

ఆ గదిలో అతన్ని మార్చే ప్రయత్నమేదీ జరగలేదు. జరిగితే అది చికిత్స కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగాకర్షణను రోగాల పట్టిక నుంచి 1990లో తీసివేసింది. మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న 377వ సెక్షను విషయమై తీర్పునిచ్చి, పెద్దల పరస్పర సమ్మతి సంబంధాలను నేరం నుంచి తప్పించింది. ఇటువంటివారిని ‘మార్చుతాము’ అనే చికిత్స వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషను 2022లో ప్రకటించింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం లింగాన్ని బట్టి గాని, లైంగిక ఆసక్తిని బట్టి గాని వివక్ష చూపకుండా వైద్యం అందించాలన్నది. రోగి చెప్పిన విషయాలు గోప్యంగా ఉంచాలని కూడ అన్నది. అందువల్ల మొదటి ఫోనులోనే ‘మీరు మార్చుతారా?’ అని అడిగి, ‘మార్చుతాము’ అన్నవారి గడప తొక్కకుండా ఉండడం క్షేమం.

ఈ విషయంలో నన్ను కదిలించినది మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేశ్ గారి నడవడి. ఇంటివారి నుంచి రక్షణ కోరి ఇద్దరు యువతులు 2021లో ఆయన ఎదుటికి వచ్చినారు. ఆయన ఆ యువతులను, వారి తల్లిదండ్రులను కౌన్సెలింగుకు పంపడంతో సరిపుచ్చుకోలేదు. ఈ విషయం తనకే సరిగా తెలియదని చెప్పి, తానే ఒక మనస్తత్వ నిపుణురాలి ఎదుట కూర్చుని నేర్చుకున్నారు. ఆ పైననే జూన్ 7న వివరమైన ఉత్తర్వులిచ్చినారు. న్యాయపీఠం మీద ఉన్నవారు కూర్చున్న ఆ కుర్చీలో మన ఊరి తండ్రులు కూర్చోవడానికి నామోషీ ఏముంటుంది?

కుప్పం తండ్రి కూర్చున్నాడు, మూడు నెలల తరువాత. అంతవరకు ఆ నిపుణురాలు పెద్దలకు ఒక్క ముక్క చెప్పలేదు. ఎప్పుడు చెప్పాలో, ఎంత చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో నిర్ణయం ఆ అబ్బాయిదే. ప్రాణాపాయమున్నప్పుడు, పిల్లల మీద లైంగిక అత్యాచారం జరిగిందని తెలిసినప్పుడు తప్ప వారు రహస్యం దాటరు. ఆ రెండు మినహాయింపులూ ముందుగానే చెబుతారు. తండ్రి అడిగినది ఒకే ప్రశ్న. ‘ఇది మందులకు తగ్గుతుందా తల్లీ?’ తగ్గడానికి ఇది జబ్బు కాదని ఆమె చెప్పింది. ఆయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడట. తల్లి మాత్రం వేరే ప్రశ్న వేసింది. ‘మేము పోయినంక వానికి అన్నం ఎవరు పెడతారు?’ ఆ నిపుణురాలు దానికి జవాబు చెప్పలేదు. ‘ఆ మాట మీ అబ్బాయితోనే అనండి’ అన్నది. తల్లీ కొడుకూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని మాట్లాడుకున్నది ఏడాదిలో అదే మొదటిసారి. ఆమె తెలుగులో సగం అరవం, ఆ నిపుణురాలి తెలుగులో సగం కన్నడం. అయినా పని జరిగింది. శుభలేఖ నేను వ్రాయలేదు. ఆ పిల్ల వేరొక సంబంధం చేసుకుని సుఖంగా ఉన్నదని విన్నాను. ఈ కథలో ఆమె కూడ ఒక మనిషేనని మనము మరచిపోతుంటాము. తండ్రి కొడుకుతో ఇంకా పూర్తిగా మాట్లాడడు. పండుగకు బట్టలు మాత్రం తీస్తున్నాడు.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల దాంపత్యం మాటేమిటని అడిగే మిత్రులకు ఒక సంగతి. ట్రాన్స్‌జెండర్ స్త్రీ కూడ స్త్రీయేననీ, భర్త, అత్తింటివారు పెట్టే క్రూరత్వం మీద ఫిర్యాదు చేసే హక్కు ఆమెకున్నదనీ మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 జూన్‌లో తీర్పు చెప్పింది. పిల్లలను కనలేదన్న కారణంతో స్త్రీత్వాన్ని కాదనడం చెల్లదన్నది. ఆ చివరి ముక్క పుంగనూరు అత్తగారికీ వర్తిస్తుందని నాకు తోచింది.

ఒక హెచ్చరిక తప్పదు. దెబ్బలు, బెదిరింపులు ఉన్న ఇంట్లో ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టే కౌన్సెలింగు పనికిరాదు. గదిలో ఆమె చెప్పిన నిజానికి ఇంటికి వెళ్ళినాక శిక్ష పడుతుంది. అటువంటిచోట ముందు కావలసినది రక్షణ. 2005 నాటి గృహహింస చట్టం అందుకే ఉన్నది. మంచి నిపుణులు వేరువేరుగా మాట్లాడేటప్పుడు ఈ సంగతి కనిపెట్టి, కలిపి కూర్చోబెట్టడం మానుకుంటారు.

ఎక్కడికి వెళ్ళాలి? మా ప్రాంతంవారికి వేలూరు సీఎంసీ, బెంగుళూరు నిమ్హాన్స్ కొత్త కాదు. వేలూరులో బాగాయంలోని మానసిక ఆరోగ్య కేంద్రం రోగితో బాటు ఇంటివారిని కూడ దగ్గర ఉంచుకుని చికిత్స చేసే పద్ధతికి చిరకాలంగా పేరు పొందింది. నిమ్హాన్స్‌లో కుటుంబాలకే ప్రత్యేక విభాగమున్నది. ప్రైవేటుగా వెళ్ళేవారు ఎదుట ఉన్నది మానసిక వైద్యుడా, క్లినికల్ సైకాలజిస్టా అని అడగాలి. వైద్యుడికి మెడికల్ కౌన్సిల్ నమోదు, క్లినికల్ సైకాలజిస్టుకు పునరావాస మండలి నమోదు ఉంటాయి. ఆ సంఖ్య అడిగితే నొచ్చుకునేవారు మనకు అక్కరలేదు. ఫీజు ఎంత, ఎన్నిసార్లు రావలసి ఉంటుంది, తెలుగులో మాట్లాడుతారా అనేవి కూడ ముందే అడగవచ్చు. ఒకరితో కుదరకపోతే మరొకరి దగ్గరకు మారడం మర్యాద తప్పడం కాదు.

బెంగుళూరుదాకా పోలేనివారికి, పోయే ముందు ఒక్కసారి ఎవరితోనైనా నోరు విప్పి చూడాలనుకునేవారికి, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ ఉన్నది. 14416 నెంబరుకు డబ్బు ఖర్చు లేదు, ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. అది లైంగిక చికిత్సాలయం కాదు. విని, ధైర్యం చెప్పి, ఎక్కడికి పోవాలో దారి చూపడానికి. కుప్పం అబ్బాయి ఆ నెంబరును తన తల్లి ఫోనులో ‘అక్క’ అన్న పేరుతో దాచి ఇచ్చినాడు. ఆమె రెండుసార్లు చేసినదట, ఏమి మాట్లాడిందో ఎవరికీ చెప్పలేదు.